నీలి గళ్ళ కోసం యుద్ధం

మా చిన్నాయన పోయాడని పొద్దున్నే ఫోను వచ్చింది. మోటారు చూసొస్తానని బయల్దేరి, గడప దాటకముందే కూలిపోయాడట. కర్నూలులో బస్సెక్కిన దగ్గర్నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. కిటికీ తెరిచాను, మూశాను, సీటు మారాను. నంద్యాల దాటాక కండక్టరు "ఏమ్మా, ఒళ్ళు బాగలేదా?" అని అడిగాడు.

నేను చేరేసరికి ఇంటిముందు ఎవరో అంటున్నారు, "మంచాన పడకుండా పోయినాడు, పుణ్యాత్ముడు" అని. ఆయన మంచాన పడిన వేసవి ఒకటుంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

చిన్నాయన మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసేవాడు. అన్నం తింటూ మధ్యలో లేచిపోయి, గేదెకు నీళ్ళు పెట్టి వచ్చి మళ్ళీ కూర్చునే రకం. నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది గనిలో రాయి జారి ఆయన కాలు విరిగింది. కదిలితే ఎముక అతకదు, మళ్ళీ గనిలో దిగే మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. వారం తిరక్కముందే ఈయన గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. పిండికట్టు పగిలింది. మళ్ళీ వేయించారు.

చిన్నమ్మ మా ఇంటికొచ్చి ఏడ్చింది. "కాలు పోతే ఆ మనిషి బతకడు పాపా. నా మాట ఇనడంల్యా. నువ్వన్నా వచ్చి పండుకోబెట్టు."

నా దగ్గర ఉన్నదల్లా టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ ఒకటి. కడప ఉరుసు అంగళ్ళలో నాన్న కొనిచ్చింది. దూకేవి, కాల్చేవి ఉన్న క్యాసెట్లన్నీ స్నేహితులు పట్టుకుపోగా ఎవరికీ అక్కర్లేనిది ఒకటి మిగిలింది. దాన్నే పట్టుకుపోయి చిన్నాయన మంచం పక్కన పీటేసుకుని కూర్చున్నాను. దాని మీది అక్షరాలు ఏ దేశానివో మాకు తెలియదు. గళ్ళ నేల, రెండు కోటలు, రెండు రంగుల సైన్యాలు, అక్కడక్కడా నీలి గళ్ళు. ఒక్కరే ఆడితే నిద్రొచ్చే ఆట. తోడు దొరికితే మాత్రం వదలదు. ఎవరి సైన్యం ఎటు పోవాలో ఒకరి తర్వాత ఒకరు మీట నొక్కి చెప్పాలి. ఇద్దరిదీ అయ్యాకే బొమ్మలు కదులుతాయి. ముందే చూసేస్తే ఆట లేదు. అందుకని నా వంతులో ఆయన గోడవైపు తిరగాలి, ఆయన వంతులో నేను తలుపువైపు. అయ్యాక "తిరుగు" అనాలి. ఈ కట్టుబాటు మేం పెట్టుకున్నదే.

నీలి గళ్ళు బావులని చిన్నాయన చూడగానే తేల్చేశాడు. ఎక్కువ బావులు పట్టినవాళ్ళదే గెలుపని, ఇక వేసవంతా వాటి కోసమే కొట్టుకున్నాం. "కోట మీదికి పోదాం చిన్నాయనా" అంటే, "కోట యాడికి పోతాది? ముందు నీళ్ళు సూడు. నీళ్ళుంటే కోట అదే వస్తాది" అనేవాడు. ఆ గళ్ళు ఉత్త అలంకారమనీ, కోట పడితేనే గెలుపనీ చాలా ఏళ్ళకు హాస్టల్లో ఒకమ్మాయి చెప్పింది. పరుగున ఫోన్ చేసి చెప్పాను. "ఆట తయారు చేసినోళ్ళది వానలు పడే దేశమేమో పాపా. వాళ్ళకేం తెలుసు?" అన్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోతే ఆట పోయినట్టే. ఆయన లేవబోయేవాడు. నేను దుప్పటి మీద చింతగింజలు పరిచి, "నీ సైన్యం యాడుండె?" అని అడిగేదాన్ని. "నా బావి కాడ ఇంకా ఇద్దరుండారు, దాచినావు" అని దెబ్బలాటకు దిగేవాడు. ఆ దెబ్బలాటలోనే ఎండ వాలిపోయేది. అమ్మయ్య, ఈ పూటకు కాలు కదల్లేదనుకునేదాన్ని.

కానీ ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. నాకు ఒళ్ళు మండేది. మంచం పక్క గోడ గూట్లో చిన్నమ్మ తళతళా తోమిన చెంబు ఒకటుండేది. చిన్నాయన గోడవైపు తిరిగితే సరిగ్గా ముఖానికి ఎదురుగా అదే. "చెంబులో టీవీ చూస్తున్నావు. దొంగాట!" అని ఒకరోజు కంట్రోలు విసిరికొట్టాను. ఆయన పకపకా నవ్వాడు. "దాంట్లో టీవీ యాడ కనిపిస్తాది పాపా? ఉత్తదే" అన్నాడు. నేను నమ్మలేదు. మొన్న మొన్నటిదాకా ఫోన్లో కూడా "దొంగ చిన్నాయనా" అనే పిలిచేదాన్ని. ఆయన పలికేవాడు.

కాలు అతికింది. కొంచెం ఎగరేస్తూనే మళ్ళీ గనికి పోయాడు, శ్రీశైలం మెట్లూ ఎక్కాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఎక్కడో రోడ్డు మీదే ఉండేవాడు.

ఆయన పోయిన రోజు, వసారాలో అలా కదలకుండా పడుకుని ఉంటే నేను చూడలేకపోయాను. కదలొద్దని ఒక వేసవంతా పోరిన నాకే, ఒక్కసారి లేచి వాకిట్లోకి పోతే బాగుండునని అనిపించింది. అన్నీ అయ్యాక లోపలికెళ్ళి ఆ మంచం మీద పడుకుని గోడవైపు తిరిగాను. గూట్లో చెంబు అలాగే ఉంది, చిన్నమ్మ దాన్ని తోమడం మానలేదు. దాంట్లో టీవీ చింతగింజంత కూడా లేదు. గడి కాదు కదా, కోట కూడా ఆనదు. కనిపించేదల్లా మంచం పక్కన నేను కూర్చునే పీట. అదొక్కటే నిండుగా, స్పష్టంగా ఉంది.

ఆయన చూసింది నా ముఖాన్ని. ఏ బావి మీద కన్నేశానో అందులోనే తెలిసిపోయేదేమో. లేక ఊరికే చూసేవాడేమో.

చెంబులో పీట ఖాళీగా ఉంది. బయట వంటపాత్రలు కడుగుతున్న చప్పుడు. "తిరుగు" అని ఎవరూ అనలేదు. నేను గోడవైపే ఉండిపోయాను.