గ్రావోనియాలో మొదటి చావు

టాప్‌స్కాట్ గారు మనిషిని చంపలేరు. అందులో వింతేముంది అంటారేమో, ఆయన బతికేదే కత్తియుద్ధాల కథలు రాసి. లాంబెత్‌లో మా అత్త నడిపే అద్దెగదుల ఇంట్లో, పైగదిలో కూర్చుని వారం వారం గ్రావోనియా రాజ్యాన్ని ఏలేవారు. ఆ రాజ్యం ఏ పటంలోనూ లేదు. అయినా వారపత్రిక చదివేవాళ్ళకి దాని మంచుకొండలూ, కోటగుమ్మాలూ, మంత్రుల మీసాలూ కొట్టినపిండి.

అమ్మ జబ్బుపడ్డాక నా బడి మధ్యలోనే ఆగిపోయింది. ఆయనకు టీ ఇవ్వడం, ఆ కోడికెలుకుడు రాతని శుభ్రంగా తిరగరాయడం నా పని. అందుకే కోటబురుజు మీంచి ఎవరు పడ్డా మొదట నాకే తెలిసేది. పడ్డవాళ్ళందరూ గడ్డిబండిలోనే పడేవాళ్ళు.

ఓ సోమవారం సంపాదకుడు పింక్నీ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమయ్యా, నీ రాజ్యంలో గడ్డిబండ్లు తప్ప ఇంకే బళ్ళూ లేవా?"

"పశువులెక్కువండీ."

"విషం తాగిన రాణి కూడా బతికింది!"

"వంటవాడు సీసా మార్చేశాడు కదండీ."

"మరి ఉరితీసిన దొంగ?"

"తాడు నాసిరకం."

పింక్నీ టోపీ తీసి బల్లమీద కొట్టాడు. "జనం నవ్విపోతున్నారయ్యా! ఈ వారం జనరల్ గ్రబ్ చావాలి. కోటమెట్ల మీద, కత్తిపోటుతో, నెత్తురు కారుతూ చావాలి. లేదా నీ గ్రావోనియాని మూసేస్తాను."

పింక్నీ వెళ్ళాక టాప్‌స్కాట్ గారు టీ ముట్టలేదు.

ఈయనకి పేర్లు కల్పించడం చేతకాదని మా అత్త వెక్కిరించేది. వీధిలో దొరికిన పేరల్లా పట్టుకుపోయి గ్రావోనియాలో పడేసేవారు మరి. బొగ్గులమ్మే క్రౌచ్ అక్కడ దుర్మార్గుడైన బారన్. బట్టలుతికే ట్విగ్ అమ్మ విషం తాగిన రాణి. ఎదురుగా చేపలు వేయించి అమ్మే గ్రబ్ జనరల్.

"ఆయన బదులు ఇంకెవరినైనా చంపకూడదా అండీ?" అన్నాను నెమ్మదిగా.

"ఎవర్ని చంపమంటావు ఎఫీ? క్రౌచ్‌నా? బారన్ అయ్యాకే కదా వాళ్ళావిడ వాడికి వేడి వేడి సూప్ పోస్తోంది."

"మరి గ్రబ్ గారు..."

ఆయన కిటికీలోంచి చూశారు. నేనూ చూశాను. పోయిన చలికాలం భార్య చనిపోయాక గ్రబ్ దుకాణం మూసేసి లోపలే కూర్చుండిపోయాడు. పిలిచినా పలికేవాడు కాదు. పత్రికలో జనరల్ గ్రబ్ గుర్రమెక్కిన వారం, వీధిపిల్లలంతా ఆ తలుపు ముందు వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. "జనరల్ గారూ, సైన్యానికి ఆకలేస్తోంది!" అని ఒకటే గోల. ఆ సాయంత్రమే తలుపు తెరుచుకుంది.

"జనరల్ చచ్చిపోతే రేపు ఆ పొయ్యి ఎవరు ముట్టిస్తారు?" అన్నారు టాప్‌స్కాట్ గారు.

మా అత్త పొరపడిందని అప్పుడు అర్థమైంది. ఈయనకి పేర్లు కల్పించడం బాగానే చేతనవును; వీధివాళ్ళ పేర్లు పెట్టేది వాళ్ళ కోసమే.

గురువారం కాగితాలు చేతికిచ్చారు. కథలోకి కొత్తగా ఒకడొచ్చాడు. కెప్టెన్ లయొనెల్ టాప్‌స్కాట్ అట. రావడం రావడమే కోటమెట్లెక్కి, జనరల్ మీదికొచ్చిన కత్తికి అడ్డం పడ్డాడు. ఆపైన రెండు పేజీల పొడుగునా మాట్లాడుతూ ప్రాణం విడిచాడు.

"చచ్చేవాడు ఇంతసేపు మాట్లాడతాడా అండీ?"

"మొదటిసారి కదమ్మా, అలవాటు లేదు."

శనివారం పత్రిక వచ్చింది. మధ్యాహ్నానికి వీధంతా మా గుమ్మంలో ఉంది. ట్విగ్ అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత మంచివారనుకోలేదు బాబూ, పొద్దున్నించీ ముద్ద దిగలేదు," అంది. క్రౌచ్ టోపీ చేతబట్టుకుని, "నాకూ అలాంటి చావు ఒకటి రాయండి సార్. మా ఆవిడ ఏడవాలి," అన్నాడు.

"ముందు నా వంతు! నేను రాణిని!"

"రాణి ఒకసారి విషం తాగిందిగా, చాల్లే!"

ఈ గొడవలోనే పింక్నీ పంపిన మనిషి వచ్చాడు. పత్రికలన్నీ అమ్ముడుపోయాయట, కథ సాగించమన్నారట, వచ్చేవారం కూడా ఒక చావు కావాలట.

అందరికంటే ఆఖరున గ్రబ్ వచ్చాడు. నూనె మరకల ఏప్రన్‌తో, కాగితంలో చుట్టిన వేడి చేపతో వచ్చి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"కెప్టెన్ గారికి, సైన్యం తరఫున."

తర్వాత గొంతు తగ్గించి, "వచ్చేవారం వీళ్ళలో ఎవరినైనా చంపుకోండి సార్. నన్ను మాత్రం ఇప్పుడప్పుడే వద్దు," అన్నాడు. "దుకాణంలో జనం నిలబడి ఉన్నారు. పొయ్యిమీద నూనె కాగుతోంది."

అని, మా జవాబు కోసం ఆగకుండా పరుగెత్తాడు.