ఉడుము గదిలో ఏసీ
రియాద్‌లో ఒక విల్లా నుంచి ఏసీ చల్లబరచడం లేదని ఈ రోజు మళ్ళీ ఫోన్ వచ్చింది. నేనూ, నాతో పనిచేసే మల్లేశన్నా ఎండలో మిద్దె ఎక్కి యూనిట్ అంతా విప్పాం. ఏ లోపమూ లేదు. తీరా చూస్తే గదిలో, ఏసీ కిందే అద్దాల పెట్టె. అందులో ఆఫ్రికా ఉడుము, దాని నెత్తిన సెగలు కక్కే బల్బు! వేడి లేకపోతే ఉడుముకు తిన్నది అరగదట. అందుకని యజమాని పెద్ద బల్బు పెడతాడు. గది వేడెక్కిందని ఏసీ పెంచుతాడు. ఉడుముకు చలేస్తుందని ఇంకా పెద్ద బల్బు.

"ఏసీ లేని గదిలో పెట్టండి" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

"అది నా పక్కనే ఉండాలి, గదీ చల్లగా ఉండాలి. అది నీ పని!" అని కసిరాడు.

బయటికొచ్చాక మల్లేశన్న అన్నాడు: "ఉడుమును మన రూముకు తీస్కపోదాంరా. ఏసీ కాలిపోయి వారమాయె, కంపెనీ కొత్తది ఇస్తలేదు. బల్బు గూడ అక్కర్లేదు."

ఈసారి కంపెనీకి మా రూము ఏసీ కంప్లైంట్ ఉడుము పేరుతో పెడదామనుకుంటున్నాం. మీరేమంటారు?