విష్ణుక్రాంతం గింజ రాలే దాకా

మా మేనత్త పోయింది. "అమ్మ పోయినాదిరా. రాత్రి బాగానే పండుకునింది, తెల్లారి లేయలేదు" అని బావ ఫోన్ చేశాడు. ఏడ్చాను. అయినా ఇది ఏడుపు రాత కాదు. మా అత్త గెలిచి పోయిన మనిషి.

మా ఊరి వెనక గుట్ట ఎన్నడూ నాగలి ఎరగని గడ్డి బీడు. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో జనం ఆవుల్ని అమ్ముకున్నారు, గొర్రెలూ మేకలే మిగిలాయి. గొర్రెకు పూల మొక్కలంటే ప్రాణం. విష్ణుక్రాంతం, తుమ్మి వెతికి వెతికి మొదలంటా కొరికేశాయి. ముదిరిన బోదగడ్డి ఒక్కటే మిగిలింది. వానలు పడ్డాక మళ్ళీ ఆవులు కొన్నవాళ్ళు పంచాయతీ పెట్టి, గొర్రెల్నీ మేకల్నీ గుట్ట ఎక్కనిచ్చేది లేదన్నారు. ఆవులు బోదను మేశాయి, నిజమే. కానీ మేక నోరు తగలక కంప పెరిగి చివరికి ఆవులకే దారి లేకుండా పోయింది. ఊరు రెండుగా చీలింది, పెళ్ళిపిలుపులు కూడా ఆగిపోయాయి.

అత్తకు ఆవులున్నాయి, గొర్రెలున్నాయి, నోరూ ఉంది. వక్కాకు ఉమ్మేసి పంచాయతీ మధ్యలో నిలబడింది.

"ఆవు నాలికతో కోస్తాది, గొర్రె పండ్లతో కొరుకుతాది, మేక తలెత్తి మేస్తాది. తప్పు నోటిది కాదప్పా, వరసది. ముందు ఆవులు పోనీ, కంపకు మేకలు పోనీ. పూలు గింజ రాల్చినాక గొర్రెలు."

"అందాకా మా గొర్రెలేం తినాల? నీ మాటలా?" అన్నాడొక కాపరి.

"నా వామిలో శెనక్కట్టె ఉండాది. తీసకపో."

ఆ ఏడు ఊరి గొర్రెలకు మేతై అత్త వేరుశెనగ కట్టె వామి నేలమట్టమైంది. తను మాత్రం కర్ర పట్టుకుని గుట్ట మొదట్లో సరిహద్దు రాయి మీద కూర్చునేది. సొంత గొర్రె గీత దాటితే తిట్లు రెట్టింపు. "ఏమే, నీకేమన్నా చుట్టరికమా?" అనేది.

కొన్నేళ్ళకు గుట్ట నీలంగా, తెల్లగా విరగబూసింది. తేనెటీగలు వచ్చాయి. పలకరింపులూ వచ్చాయి. "ఏమత్తా, నీ మాటే గెలిచినాది" అంటే, "గెలిచింది గుట్టప్పా. కూర్చో, వక్కాకు ఏసుకో" అనేది. నాకు మాత్రం ఒకటే దిగులుండేది. అత్త తర్వాత ఆ రాయి మీద ఎవరు కూర్చుంటారు?

అత్తకు మట్టి వేయడానికి ఊరంతా వచ్చింది, ఆనాడు ఎగతాళి చేసిన ఆ కాపరి తప్ప. "వామి ఖాళీ చేసిన మనిషి, మట్టికి రాలేదు చూడు" అని అందరూ తప్పుపట్టారు. నాకూ మండింది.

తిరిగి వస్తుంటే గుట్ట కనిపించింది. పైన ఆవులు, కంపల దగ్గర మేకలు. కింద ఊరి గొర్రెలన్నీ ఒక్కచోట, వాటి ముందు కర్ర అడ్డంపెట్టి అతను.

"అందరూ మట్టికి పోతిరి. ఈడ ఎవరో ఒకరు ఉండాల గదా" అన్నాడు బావతో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నా గుండె గర్వంతో నిండిపోయింది. అతను రాయి మీద కూర్చోలేదు, పక్కన నేల మీద కూర్చున్నాడు. ఖాళీ రాయి వెనక నుంచి గుట్ట కొస దాకా విష్ణుక్రాంతం పూసి ఉంది.