టీవీ దయ్యం కోసం ప్రార్థన

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజుల్లో లక్డారం బడికి సర్కారు టీవీ వచ్చింది. బడి టీచరు మా అమ్మే కాబట్టి టీవీ గది తాళంచెవి ఆమె కొంగునే ఉండేది. ఆ సంగతి ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని. ఎందుకు చెప్పుకోకూడదు?

ఒక సాయంత్రం ఊరంతా బడి దగ్గర చేరి చూస్తుంటే టీవీలో దయ్యం నాటకం వేశారు. బాలింతకు మరిది విషం పెడతాడు. ఆమె దయ్యమై వచ్చి వాణ్ణి బావిలోకి తోస్తుంది, ఆ చేతులతోనే చంటిబిడ్డ ఉయ్యాల ఊపుతుంది. మిగతాది రెండు వారాల తర్వాత అన్నారు. ఇక చూడండి, ఆడవాళ్లలో సగం మంది పాపిష్టిదన్నారు, సగం మంది తల్లి అన్నారు. నాట్లు వేస్తూ కూడా అదే తగువు.

మా చర్చిలో చదువు రాని ఆడవాళ్లు శనివారం మా ఇంటికొచ్చి ప్రార్థన విన్నపాలు చెప్పేవారు. అమ్మ కాగితం మీద రాసి ఆదివారం చదివేది. ఆ శనివారం పక్కింటి ముసలమ్మ, టీవీలోది నిజమేననుకుని, "ఆ దయ్యమైన తల్లిని గూడ రాయి టీచరమ్మా. పాపం, బిడ్డ ఏడుస్తుంది" అంది. అమ్మ నవ్వలేదు. "చంటిబిడ్డను విడిచిపోయిన ఒక తల్లి కోసం" అని రాసింది. మర్నాడు అందరం ఆమెన్ అన్నాం.

ఆ తల్లి ఎవరని సంఘపెద్ద అడిగితే అమ్మ దాచకుండా చెప్పేసింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. చచ్చినవాళ్ల కోసం ప్రార్థించడమే మాలో లేదు, అందులోనూ హత్య చేసిన దయ్యమా! తరువాతి ఆదివారం అమ్మను అందరి ముందు నిలబెట్టాడు. ఎవరి విన్నపమో చెప్పి క్షమాపణ అడగాలి, లేకపోతే ఇక ఆ కాగితం చదవడానికి వీల్లేదన్నాడు. ముసలమ్మ తల వంచుకుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ అటు చూడనే లేదు. "రాసింది నేనే, చదివింది నేనే. ఆమె చేసింది పాపమే. గని ఆ బిడ్డ ఏడుస్తుంటే నా కడుపు తరుక్కపోయింది. మాఫీ మాత్రం అడుగ" అంది. చదివే పని పెద్దకు పోయింది. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ గర్వమొచ్చింది.

నాటకం రెండో భాగం రోజున కరెంటు పోయింది. ఆ దయ్యం ఏమైందో నాకిప్పటికీ తెలియదు.

శనివారం ఆడవాళ్లు మళ్లీ మా గడపకే వచ్చారు. అందరికంటే ముందొచ్చింది సంఘపెద్ద భార్య. "సదివేది మా ఆయన. రాసేది మాత్రం నువ్వే" అంటూ కూర్చుంది. ఆమె చెప్పిన విన్నపాన్ని అమ్మ అన్నిటికంటే చివర రాసింది.

ఆదివారం పెద్ద చదువుతూ చదువుతూ చివరి వరుస దగ్గర ఆగిపోయాడు. ఎదురుగా కూర్చున్న భార్య కళ్లెత్తి ఆయన్నే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చంటిబిడ్డను విడిచిపోయిన ఒక తల్లి కోసం."

ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.