రైలు తప్పినవాళ్ళ ఊరు

పులివెందుల బస్సు ముద్దనూరులో నన్ను దించేసరికే రైలు కూత వేసింది. సంచి పట్టుకుని స్టేషన్లోకి పరుగెత్తాను. చివరి పెట్టె నా కళ్ళముందే ప్లాట్‌ఫారం దాటిపోయింది. ఏ పని మీద బయల్దేరానో ఇప్పుడు అనవసరం. ఆ రైలుతోపాటే ఆ పనీ పోయిందని మాత్రం తెలుసు. ఉన్నచోటే నిలబడి ఏడ్చాను.

నాపరాతి బెంచీ మీద ఒక పెద్దావిడ బొరుగుల ఉగ్గాని గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

“రైలు పాయెనా పాపా?” అంది.

తలూపాను. ఆవిడ నవ్వలేదు, అయ్యో పాపం అనలేదు. కొంచెం పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును కొంగుతో తుడిచింది.

“కూచో. నువ్వేం మొదటిదానివి గాదులే. ఎనకట జమ్మలమడుగోళ్ళు, పులివెందులోళ్ళు ఎద్దులబండ్లు కట్టుకోని వచ్చి, రైలు తప్పి ఈడనే కూలబడతాండ్రి. వాళ్ళకు ఉగ్గాని చేసిపెట్టి మా నాయనను గన్న జేజి బతికె. ఈ అంగళ్ళు, హోటళ్ళు అన్నీ అట్ల లేసినవే. టయానికి వచ్చినోళ్ళు ఊరి మొగం గూడా సూడకుండా ఎక్కి పోతారు. తప్పినోళ్ళతోనే మాది ఊరాయె.”

మాట్లాడుతూనే విస్తరాకులో ఉగ్గాని, పైన మిరపకాయ బజ్జీ పెట్టి చేతికిచ్చింది. కారానికి వచ్చిన నీళ్ళు, ముందే ఉన్న కన్నీళ్ళు కలిసిపోయాయి. ఇంకెవరికీ తేడా తెలియనందుకు హాయిగా అనిపించింది.

అనుకున్నట్టే ఆ పని కాలేదు. ఆవిడ పేరూ నేను అడగలేదు.

ఇప్పటికీ ఏ స్టేషన్లోనైనా ఎవరైనా రొప్పుతూ వచ్చి, ఖాళీ పట్టాలు చూసి ఆగిపోతే, నేను కొంచెం జరిగి కూర్చుంటాను. పక్కన చోటు కొంగుతో తుడుస్తాను.