చేతికి ఎక్కని ఆకుపచ్చ గాజులు

శ్రీమంతానికి నాలుగు రోజుల ముందు, ఎప్పుడూ వేసుకునే సైజులోనే తెచ్చిన ఆకుపచ్చ గాజులు నా చేతికి ఎక్కలేదు. సబ్బు రాసినా మణికట్టు దాకా రాలేదు.

"కడుపుతోటున్నప్పుడు నీరు పట్టదా ఏంది? పెద్ద సైజు తెప్పిస్త తియ్" అని మా అత్తమ్మ నవ్వింది.

అప్పటికే రెండు రోజులుగా తలనొప్పి. ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు, తొమ్మిదో నెల. నలుగురూ ఒడి నింపే ఆ రోజు ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం.

మరునాడు మా జహనుమా బస్తీలో ఇంటింటికీ తిరిగే నర్సు, ఏఎన్‌ఎం యాదమ్మక్క ట్యాబ్ పట్టుకుని వచ్చింది. తెర మీద వచ్చే ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగింది.

"తలనొప్పి ఉన్నదా, చెల్లె?"

అత్తమ్మ మొహం చూసి, "లేదక్కా" అన్నాను.

"కండ్లు మసకగొడుతున్నయా?"

"లేదు."

బీపీ అంకె కొట్టగానే తెర ఎర్రబడింది. నూట అరవై బై నూట పది. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూసింది. అంతే ఉంది.

"శ్రీమంతం అయినంక తీస్కపోతం, యాదమ్మా" అంది అత్తమ్మ.

"గట్ల ఆగేది కాదమ్మా. దవాఖానకు మెసేజ్ గూడ పోయింది. లే చెల్లె, ఆటో పిలుస్త."

ఆ ట్యాబ్‌ను తీసుకెళ్లి మూసీలో పడేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఆసుపత్రిలో చీటీ రాయించకముందే డాక్టరమ్మ ఎదురొచ్చి, "జహనుమా బీపీ కేసు మీరేనా?" అంది. మొదటి నెల నుంచి నా బరువు, రక్తం, బీపీ అన్నీ ఆమె కంప్యూటర్‌లో ఉన్నాయి. మా గల్లీలో గడప గడపకూ తిరిగే యాదమ్మక్క వేలితో కొట్టిన అంకెలు నాకంటే ముందే ఇక్కడికి చేరాయి!

యూరిన్‌లో ప్రోటీన్ కనబడింది. "సివియర్ ప్రీ-ఎక్లాంప్సియా, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ప్రమాదకరమైన బీపీ. ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రమాదం. నిజం చెప్పమ్మా, తలనొప్పి లేదా?" అంది డాక్టరమ్మ.

ఉందని ఏడుస్తూ చెప్పాను.

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు, మర్నాడు సిజేరియన్. శ్రీమంతం అనుకున్న రోజు పాప పసికందుల ప్రత్యేక వార్డు ఎస్‌ఎన్‌సీయూలో, నేను బాలింతల వార్డులో. కాన్పయ్యాక కూడా బీపీ మళ్లీ ఎగబాకింది. ఇల్లు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఇప్పుడు పాపకు పద్నాలుగు నెలలు. నా బీపీ మాత్రలు ఆపేశారు. యాదమ్మక్క వస్తే అత్తమ్మే కుర్చీ వేసి, "కడుపుతోటున్న పక్కింటి పిల్ల తల నొస్తుందంటున్నది, మొదలు దాన్ని చూడు" అంటుంది. ఆ గాజులు ఇప్పుడు నా చేతికి సులువుగా ఎక్కుతాయి. పాప వాటిని గుంజుతుంటే, మేమిద్దరం ప్రాణాలతో ఉన్నామా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

అబద్ధం నోటితో చెప్పగలిగాను గానీ, చేతికి చుట్టిన బీపీ పట్టీకి చెప్పలేకపోయాను. మీరు నాలా చేయకండి. మీ బస్తీ ఏఎన్‌ఎం ప్రశ్న అడిగినప్పుడు ఇంట్లోవాళ్ల మొహం చూడకుండా, ఉంటే ఉందని చెప్పండి.