నడిమి దుంగ మీద నంబరు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నన్ను శ్రీకాకుళం నుంచి సముద్రపు ఒడ్డునున్న ఒక మత్స్యకారుల ఊరికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా ప్రోగ్రామర్. వేటకెళ్లినవాళ్లెవరు, తిరిగొచ్చినవాళ్లెవరు అని చూపించే రిజిస్టరు తయారు చెయ్యాలి. తుఫాను హెచ్చరిక వస్తే ఆ జాబితా పట్టుకునే వెతికే బోటు బయల్దేరుతుంది.

పాత రిజిస్టరు సి భాషలో ఉండేది. నేను సి ప్లస్ ప్లస్‌లోకి మార్చాను. అది పూర్తిగా కొత్త భాషేం కాదు, పాత సి భాషకే క్లాసులు తగిలించి పెంచారు. క్లాసంటే ఒక రకం వస్తువుకు నమూనా. 'పడవ' అని ఒక క్లాసు రాసి, నంబరు, యజమాని, వెళ్లడం, రావడం అన్నీ అందులో పెట్టాను. 'మోటారు బోటు', 'తెప్ప' దానికి పిల్ల క్లాసులు. తల్లి గుణాలన్నీ వాటికి మళ్లీ రాయకుండానే వచ్చేస్తాయి. ఎంత ముచ్చటేసిందంటే, టీ కొట్టు ఆసామిని కూర్చోబెట్టి మరీ వివరించాను. తెప్పంటే తాళ్లతో కట్టిన నాలుగైదు దుంగలు. ప్రతి తెప్పకూ నడిమి దుంగ మీద రేకు నంబరు కొట్టించాను. ఒడ్డున కాపలాదారు అది చూసి కంప్యూటర్లో ఎక్కించేవాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం హెచ్చరిక వచ్చింది. స్క్రీను ప్రకారం సముద్రంలో ఒక్క తెప్పే మిగిలింది, అప్పన్నది. ఆ అప్పన్న నా ఎదురుగానే బీడీ కాలుస్తున్నాడు. కాపలాదారు తప్పు కొట్టాడనుకుని, పెద్ద ఆఫీసరులా ఆ పేరు తీసేసి, అందరూ చేరారని పై ఆఫీసుకు ఫోన్ చేశాను. వెతికే బోటు ఆగిపోయింది.

అప్పుడు అప్పన్న చెల్లెలు ఎర్రమ్మ పరుగున వచ్చి, తన భర్త పోలయ్య రాలేదంది. అతని తెప్ప చేరినట్టు స్క్రీను చూపించాను.

"నీ పెట్టిలో ఏటుంటే నాకేటి బాబూ? ఒడ్డుకి మనిషి రానేదు. సూడు!"

అప్పన్న బీడీ పారేశాడు. "పొద్దున్న దుంగలు మార్సుకున్నాం బాబూ. ఆడి నడిమి దుంగ నీరు పట్టీసింది. దూరం ఎల్తన్నానంటే నాది ఇచ్చీసినాను."

అంటే పోలయ్య నంబరుతో అప్పన్న తిరిగొచ్చాడు. ఒడ్డుకు రాగానే తెప్పను విప్పి దుంగలు ఆరబెడతారు, మర్నాడు మళ్లీ కడతారు. రెండు నెలలుగా రోజూ చూస్తూనే ఉన్నాను. చూసి ఏం లాభం? నా క్లాసులో తెప్ప ఎప్పటికీ విడిపోని ఒకే వస్తువు.

మళ్లీ ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పి బోటు పంపించాను. అది వచ్చేదాకా ఎర్రమ్మ కూర్చోలేదు, నన్నూ కూర్చోనివ్వలేదు. పొద్దుగూకక ముందే పోలయ్యను తీసుకొచ్చారు. తెప్పను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. దిగుతూనే, "బావా, నీ దుంగ పోనాది" అన్నాడు. ఎర్రమ్మ చేతికందిన తాడుతో అతన్ని ఒక్కటి వేసి, అప్పుడు ఏడ్చింది.

మర్నాడు 'పడవ' క్లాసు పక్కన పెట్టి 'మనిషి' క్లాసు రాశాను. ఆ తర్వాత ఏ పని అప్పగించినా, మొదటి వరస రాసేముందు దాన్ని వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ వస్తువు సాయంత్రానికి ఏమవుతుందో అడిగేవాణ్ణి.